బ్రౌను దొరయు జిగట మాటలును

తెలుగుభాష నేర్చిన పాశ్చాత్యులలో చార్లెస్ ఫిలిప్ బ్రౌనును మించినవాడు లేడని పెద్దలు పలువురు చెప్పుదురు. ఆయన పేరు మన విద్యార్థులు వినియే యుందురు. వేమన పద్యములను వెలికి దెచ్చినవాడనియు, గొప్ప నిఘంటువును రచించినవాడనియు, తాటాకు గ్రంథములను చెదలనోటినుండి తప్పించినవాడనియు పాఠ్యపుస్తకములలో రెండు మూడు వాక్యములు కానవచ్చును. అంతతో సరి. నిఘంటువు రచించుట యనగా నెట్టి పని, అందు మనుజుడు ఎచ్చట చెమటయోడ్చును, ఎచ్చట కాలు జారును అను సంగతి యెవ్వరును చెప్పరు. మేమీ వ్యాసమున బ్రౌను జీవితమును చెప్పుచు, దానితోబాటు ఆ పనిలోని యొక చిన్న చిక్కును గూడ విప్పి చూపదలచితిమి. అది మన యనకాపల్లి పిల్లలకు వేగముగా బోధపడు చిక్కు. ఏలయన నది బెల్లపు పాకమువలె చేతి కంటుకొనునది.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు; 1800లో ఫోర్టు విలియం కళాశాల స్థాపింపబడినపుడు దానికి మొదటి ప్రొవోస్టుగా నియమింపబడినవాడు. విలియం కేరీ యా కళాశాలలో బోధించుచుండిన కాలమది. ఆ కేరీయే 1814లో తెలుగు వ్యాకరణ మొకటి యచ్చువేసెను. కాబట్టి బ్రౌను పుట్టిన యింట పలుభాషల చప్పుడు చిన్ననాటినుండియు నుండెనని చెప్పవచ్చును. 1812లో తండ్రి కాలధర్మము నొందగా కుటుంబము ఇంగ్లండునకు పోయెను. అచ్చట కంపెనీ యుద్యోగములకు బాలురను సిద్ధపఱచు హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817లో బ్రౌను చెన్నపట్టణమున దిగెను.

చెన్నపట్టణపు ఫోర్టు సెయింటు జార్జి కళాశాలలో దేశభాషల నేర్చుట నాడు క్రొత్త యుద్యోగులకు విధి. బ్రౌనునకు తెలుగు చెప్పినవారు వెలగపూడి కోదండరామ పంతులు. ఈ దశలో బ్రౌను తెలుగును ప్రేమించి నేర్చెనని మేము చెప్పజాలము. పరీక్ష యున్నది గనుక నేర్చెను. నేటి మన పిల్లలలో చాలమంది యింగ్లీషు నేర్చుటయు నట్టిదే గదా! 1820లో పరీక్ష దాటి కడపకు ఉద్యోగమునకు పోయిన పిదప గాని ఆయనకు అసలు సంగతి తెలియలేదు. కళాశాలలో నేర్చిన తెలుగు వేఱు, కచ్చేరి మెట్లమీద కూర్చున్న రైతు తెలుగు వేఱు.

1822లో మచిలీపట్టణమునకును, పిదప రాజమహేంద్రవరమునకును బదిలీలైనవి. ఆబె దుబాయి యను ఫ్రెంచి మతాచార్యుని గ్రంథమున వేమన ప్రస్తావన చదివి, 1824 ప్రాంతమున బ్రౌను వేమన పద్యముల వ్రాతప్రతులను సమకూర్పసాగెను. పండితులలో ననేకులు నాడు వేమనను కవిగా గణింపరైరి. ఆ మాటలు సంతలో వినబడు మాటలు. వానికి వ్యాఖ్యాన మేలని వారి తలంపు. బ్రౌనునకు కావలసినదియు నదియే. ప్రతులనెల్ల పోల్చి, 693 పద్యముల నేరి, ఆంగ్లానువాదముతో 1829లో అచ్చువేయించెను. 1839లో వాని సంఖ్య 1164 అయ్యెను.

1826లో మరల కడప చేరి, అచ్చట నొక బంగళాను తోటతో గూడ కొని, దానిని పండితుల కార్యస్థానముగ చేసెను. జనులు దానిని బ్రౌను కళాశాల యనిరి. జూలూరి అప్పయ్య, వఠ్యము అద్వైత బ్రహ్మయ్య, ములుపాక బుచ్చయ్య మొదలగు పండితులు ఆయనకు తోడ్పడిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డి యజమాని లేని వేళల ఆ పనినెల్ల నడపెను. ఊరూర తాటాకు గ్రంథములు తెప్పించుట, ఒక్కొక్క కావ్యమునకు పది ప్రతులు చేర్చి పాఠములు పోల్చుట, శుద్ధప్రతి వ్రాయించుట, కఠినపదములకు టీక చేయించుట, ఆ టీకనుండి పదముల నేర్చి కూర్చుట—ఇది యచ్చటి నిత్యకృత్యము. జీతములు బ్రౌను సొంతసొమ్మునుండియే. అది చాలనపుడు అప్పుచేసెను. ఆయన వివాహము చేసికొనలేదు. సంపాదన యంతయు నీ యాకులకును కాగితములకును పోయెను.

ఇక మేము చెప్పదలచిన చిక్కునకు వచ్చెదము.

కావ్యములలోని మాటకు అర్థము చెప్పుట పండితునకు సులభము. కమలమునకు నూఱు పర్యాయపదములు కంఠస్థముగ నుండును. ఏ మాటలు కావ్యముల కెక్కక యింటి మూలలను, పొలము గట్టులను, వంటచెఱువు దగ్గఱను, రోగి మంచము నొద్దను ఉండునో, ఆ మాటల యొద్దనే నిఘంటుకర్తకు కలము నిలిచిపోవును. అందును తాకుడునకు సంబంధించిన మాటలు, తాకినంతనే చేయి వెనుకకు తీసికొనజేయు మాటలు, మిక్కిలి చిక్కు పెట్టును. జిగట, జిగురు, బంక, జిడ్డు, మడ్డి, పాచి, పాకుడు, నాచు, చెమ్మ, చిత్తడి—ఇవి మన వారెవ్వరికిని తెలియని మాటలు కావు. కాని జిగటకును జిగురునకును భేదమేమని యడిగినచో ఎందఱు వెంటనే చెప్పగలరు? చెట్టునుండి కారి గట్టిపడునది బంక. తుమ్మబంక యందుము గాని తుమ్మజిడ్డనము. అతుకు పెట్టుటకు వాడునది జిగురు. బెండకాయ కోసిన కత్తిపై తీగలు సాగునది జిగట. తలకు నూనె యంటి దిండునకు పట్టునది జిడ్డు. చెఱువు మెట్లపై కాలు జార్చునది పాకుడు. అన్నియు చేతి కసహ్యములే. ఏదియు మఱియొకటి కాదు.

ఆంగ్లభాషలోను నిట్టి గుంపొకటి కలదు. స్టిక్కీ, స్లైమీ, గ్రీజీ, క్లామీ, గమ్మీ, విస్కస్, గ్లూటినస్. మా తరగతులలో వ్యాసములు దిద్దునపుడు మేము చూచుచున్నది యేమనగా, వానకాలపు బురద మొదలు జ్వరపడినవాని నుదురు వఱకు బాలురు స్టిక్కీ యను నొక్క మాటతోనే సరిపెట్టుదురు. అది తప్పని కొట్టివేయుట సులభము. ఎందుకు తప్పో చెప్పవలెనన్న ఒక్కొక్క మాటయు నెచ్చట పుట్టినదో కొంచెము చూడవలెను.

స్టిక్కీ యనునది గ్రుచ్చుట, నాటుట యను నర్థముగల ధాతువునుండి వచ్చినది; ముట్టినది చేతిని వదలదను భావమే యందు ముఖ్యము. స్లైమ్ అనునది లాటినుభాషలో బురదకుగల మాటకు చుట్టము. అది యంటుకొనుటకంటె జారుటను, జారి వెనుక నొక పొర విడిచిపోవుటను తెలుపును. నత్త నడచిన జాడ స్లైమీ గాని స్టిక్కీ గాదు. క్లామీ యనునది తడిమట్టి పూయుటను తెలుపు ప్రాతమాటనుండి పుట్టినది. చల్లదనము, చెమ్మ, కొంచెము పట్టు, మూడును కలిసిననే యా మాట చెల్లును. వేడి వస్తువు క్లామీ కానేరదు. గ్రీజీ యనునది క్రొవ్వును తెలుపు లాటినుమాటనుండి వచ్చెను. నూనెయో నెయ్యియో వసయో లేనిచో దానికి చోటులేదు. గ్లూటినస్ అనునది జిగురును తెలుపు మాట. మెత్తగ నుడికిన యన్నము నట్లనిన నెవ్వరును నొచ్చుకొనరు. విస్కస్ చరిత్ర చిత్రమైనది. లాటినులో విస్కుమ్ అనగా చెట్లపై బ్రదుకు నొక బదనిక. దాని పండ్లను నలిపి తీసిన జిగురును కొమ్మలకు పూసి పక్షులను పట్టెడివారు. మన ప్రాంతపు వేటగాండ్రు మఱ్ఱిపాలతో జిగురు చేసి పుల్లలకు పూయుట యెఱిగిన వారి కిది వింతగ దోచదు. నేడు మాత్రమా మాట పక్షులను విడిచి శాస్త్రగ్రంథములలో ప్రవేశించినది. ద్రవము మెల్లగ పాఱుటను తెలుపునే కాని యసహ్యమును తెలుపదు.

ఈ భేదము లన్నియు నొక్కచోట చూడవలెనన్న, శీతకాలమున మన యూరి చుట్టుపట్ల చెఱకు గానుగలయొద్దకు పోయిన చాలును. అనకాపల్లి దేశమందలి పెద్ద బెల్లపు విపణులలో నొకటియనియు, ఇచ్చటి చెఱకు పరిశోధన స్థానము 1913లో నెలకొల్పబడినదనియు మీ రెఱుగుదురు. రసము పెనములో కాగుచుండగా మురికి విఱుచుటకు బెండకాడలు నలిపి తీసిన జిగట నీరు పోయు వాడుక కలదు; ఆ నీరు స్లైమీ. మురికి నురుగై పైకి తేలగా దానిని తీసివేయుదురు. పాకము చిక్కబడి గరిటెనుండి మెల్లగ జాఱునపుడు విస్కస్. తీగపాకము దాటి ఉండపాకమునకు వచ్చి వ్రేళ్ళ కంటినపుడు స్టిక్కీ. గానుగ యిరుసునకు పట్టిన నల్లని నూనెమడ్డి గ్రీజీ. రేయెల్ల మంటయొద్ద నిలిచి తెల్లవారుజామున మంచులోనికి వచ్చిన కూలివాని వీపున చెమట చల్లారి చొక్కాయి పట్టుకొన్నపుడు, అది క్లామీ. ఇన్నింటికి నొక్కమాట చాలుననువాడు గానుగయొద్ద నొక్క పూటయైన నిలువనివాడై యుండును.

ఇందు సంస్కృతపండితులకు గల సౌకర్యమును గూడ చెప్పవలెను. ఆయుర్వేదమున ద్రవ్యగుణము లిరువది యని లెక్కించుచు, పిచ్ఛిలము, స్నిగ్ధము, శ్లక్ష్ణము, వాని కెదురైన విశదము, రూక్షము, ఖరము అని ముందే విభజించి యుంచిరి. పిచ్ఛిలము జిగటకు, స్నిగ్ధము జిడ్డునకు సరిపోవును. అయినను స్నిగ్ధమున స్నేహమను నర్థము గూడ కలదు. నూనెయు మైత్రియు నొక్క మాటలో నిముడును. తెలుగు జిడ్డున మైత్రి యేమియు లేదు! పైగా కచ్చేరిలో సాక్ష్యమిచ్చు చాకలియో, బిడ్డ నెత్తుకొని వైద్యునికడకు వచ్చిన తల్లియో పిచ్ఛిల మనునా? పండితులు పెద్దమాటలనే మెచ్చి వాడుకమాటలను చిన్నచూపు చూచుట బ్రౌనునకు నచ్చలేదు. వ్యవహారమున వాడు మాటలకును కావ్యభాషకును ఒకేచోట అర్థము చెప్పవలెనని ఆయన పట్టుబట్టెను; తన నిఘంటువు ముఖపత్రముననే యా సంగతి తెలియజేసెను. ఆ పుస్తకమును తెఱచినవారికి మఱియొకటి గూడ కనబడును. ఒక తెలుగుమాట కెదురుగ ఒక్క ఆంగ్లపదము నుంచి తృప్తిపడుట యందు అరుదు. రెండో మూడో నాలుగో దగ్గఱి పదములను వరుసగ నుంచి, కవిప్రయోగమో జనుల పలుకుబడియో చేర్చి, ఏ సందర్భమున నేది తగునో చదువరి తానే చూచుకొనునట్లు చేసినాడు. ఇది తేల్చలేక చేసిన పనియని కొందఱనవచ్చును. మేమట్లు తలంపము. మాటకు మాట యొక్కటే యుండునని చెప్పు నిఘంటువు సులభముగ నుండును గాని నమ్మదగినది కాదు.

మనుష్యులను గూర్చి యీ మాటలను వాడునపుడు గోతి మఱింత లోతు. తెలుగున ఒకనిని జిడ్డు మనిషి యనిన, వాడు పట్టినది విడువక విసిగించువాడని యర్థము. ఆంగ్లమున స్లైమీ యనియో గ్రీజీ యనియో యనిన, వాడు తియ్యగ మాటలాడి మోసగించువాడని యర్థము. మొదటివాడు వట్టి తలనొప్పి, రెండవవాడు ప్రమాదము. మాటకు మాట పెట్టి యనువదించినచో అమాయకుడైన పొరుగువాడు వంచకుడై తేలును. న్యాయస్థానమున నిట్టి యనువాదము జరిగినచో? బ్రౌను న్యాయశాఖలోను పనిచేసినవాడు. సాక్షి తెలుగును దుబాసీ యింగ్లీషును రెండు చెవులతో విన్నవాడు. కచ్చేరి మాటలకును, తెలుగున గలిసిపోయిన హిందూస్థానీ మొదలగు నన్యదేశ్యములకును ఆయన ప్రత్యేకముగ నొక మిశ్రభాషా నిఘంటువును కూర్చుటకు కారణము వెదకనక్కఱలేదు.

ఆసుపత్రి సంగతి యింకను కఠినము. తల్లి వచ్చి బిడ్డకు జిగట విరేచనము లగుచున్నవని చెప్పును. దానిని స్టిక్కీ యని తెలిపినచో తెలుగు రాని వైద్యునకు వ్యాధి స్వరూపము స్పష్టము కాదు. స్లైమీ యనియో మ్యూకస్ కలదనియో చెప్పిన వెంటనే పేగులవైపు దృష్టి పోవును. అట్లే గాయపడి నెత్తురుపోయిన రోగి చర్మము చల్లబడి చెమ్మగిల్లినపుడు దాది వ్రాయవలసిన మాట క్లామీ. అది ప్రాణాపాయ చిహ్నము. వైద్యుడు పరుగెత్తి వచ్చును. చేయి స్టిక్కీగ నున్నదని వ్రాసినచో, రోగి యేదో మిఠాయి తినినాడని తలచి చేయి కడుగుమని చెప్పునేమో! దాది పనికి పోదలచిన మా విద్యార్థినులు ఈ యొక్క భేదమునైన మఱువకుందురని మా కోరిక.

మాట యెన్నికలో ప్రాణములుండునను సంగతి బ్రౌనునకు పుస్తకములవలన గాక కన్నులార చూచుటవలన తెలిసెను. 1832లో వానలు తప్పి గుంటూరు సీమలో ఘోరమైన కఱవు వచ్చెను. నందన నామ సంవత్సరమున వచ్చినది గావున నందన కఱవనియు, జనులు డొక్కలు తేలి కనబడుటచే డొక్కల కఱవనియు దానికి పేళ్ళు కలవు. ఆ సీమలో నాడుండిన యైదులక్షల జనములో రెండులక్షలవఱకు నశించిరని చరిత్రకారులు చెప్పుదురు. ఆ సమయమున బ్రౌను గుంటూరున నధికారిగ నుండెను. పెక్కుమంది తెల్లదొరలు అట్టి యాపదయే లేదని త్రోసిపుచ్చుచుండగా, ఆయన తన లేఖలలో ఫామిన్ అను మాటను దాపఱికము లేక వాడెను. ఆంగ్లమున స్కార్సిటీ యను మఱియొక మాట సిద్ధముగనే యున్నది. రెండింటికిని నిఘంటువులలో చుట్టఱికము కలదు. కొఱత యనిన ధాన్యము ప్రియమైనదని తోచును. కఱవనిన మనుష్యులు చచ్చుచున్నారని తోచును. మొదటి మాటకు ప్రభుత్వము జాబు వ్రాసి యూరకుండవచ్చును. రెండవ మాటకు గంజి కాచవలసి వచ్చును. పై వారి చెవికి మెత్తనిమాట యేదో తెలియని మనుజుడు కాడు బ్రౌను. తెలిసియే కటువైన మాటను ఎన్నుకొనెను. ఆయన చేసిన వేలకొలది మాటల యెన్నికలలో దీనికి మించినది లేదని మా యభిప్రాయము.

1834లో ఆయన యుద్యోగము పోయెను. లండనునకు మరలి మూడేండ్లచ్చట నుండెను. అప్పులు వెనుక, ఆదరువు లేదు. అయినను ఆ యూరిలోను పని దొరకించుకొనెను. కంపెనీవారి ఇండియా హౌసు గ్రంథాలయమున దక్షిణదేశపు తాళపత్రములు రెండువేలకు పైగా కట్టలుగట్టి పడియుండెను, చదువగలవాడు లేడు. బ్రౌను వానిని పరిశీలించి, సంస్కృతపండితుడైన విల్సను సహాయమున అవి చెన్నపట్టణమునకు పంపబడునట్లు చేసెను. నేడు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున తెలుగు పరిశోధకులు చూచు గ్రంథములలో నిట్లు సముద్రము దాటి పోయి మరల దాటి వచ్చినవి యనేకములు. ఆయన సొంతముగ సేకరించిన ప్రతులును చెన్నపట్టణమునకే చెందినవి.

పారశీక భాషాంతరీకర్తగ నియమింపబడి మరల వచ్చిన పిదప బ్రౌను చెన్నపట్టణముననే నిలిచెను. పోస్టుమాస్టరు జనరలు పదవి మొదలగునవి వచ్చినవి. వాని సంగతి మనకంతగా నవసరము లేదు. 1840లో తెలుగు వ్యాకరణము వెలువడెను. మనుచరిత్ర, వసుచరిత్ర వ్యాఖ్యానములతో నచ్చుపడినవి. తాతాచార్యుల కథలు, అనంతపురపు రాజుల యుద్ధముల వచనచరిత్ర వంటి వాడుకభాషా గ్రంథములును ఆయనచేతనే వెలికి వచ్చినవి. నిఘంటువు మాత్రము వీనియన్నింటి క్రిందను, ఇంటికి పునాదివలె, నిత్యము సాగుచునే యుండెను. ఆయనకు ముందు కాంబెలు దొర 1821లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును, మారిసు దొర 1835లో ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును ప్రకటించి యుండిరి. కాంబెలు దొరకు మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపిక యాధారము. అది పండితుల నిఘంటువు, మంచిదే. కాని బురదకు, పాచికి, పిడకకు, గంజికి చోటు చాలదు. ఆ చోటు కల్పించుటకే బ్రౌనునకు నిన్నియేండ్లు పట్టినది.

తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో చెన్నపట్టణమున క్రైస్తవ విజ్ఞాన సంఘమువారి ముద్రాలయమున నచ్చయ్యెను. దానికి జంటయగు ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును ఆ దినములలోనే వచ్చెను. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువువారికి ఒక వినోదము కలదు: ఒక తెలుగుమాటను చూచి, దాని కెదురుగ నున్న ఆంగ్లపదమును రెండవ పుస్తకమున వెదకి, అచ్చటినుండి మరల తెలుగునకు వచ్చినచో, బయలుదేఱిన చోటికే వత్తుమను నమ్మకము లేదు. జిగటతో బయలుదేఱి జిడ్డున తేలవచ్చును. మా యున్నత తరగతుల పిల్లలచేత మేమీ యాట నాడించుచుందుము. ఎవడు తక్కువ మెట్లలో బయలుదేఱిన మాటకు వచ్చునో వాడు గెలిచినట్లు. వ్యాకరణపాఠమున నిద్రపోవువారుకూడ దీనికి కన్నులు తెఱతురు.

ఆరోగ్యము చెడి బ్రౌను 1855లో ఉద్యోగమును విడిచి ఇంగ్లండునకు మరలెను. లండను విశ్వవిద్యాలయమున 1865లో తెలుగు ఆచార్యుడయ్యెను; మఱుసటి సంవత్సరము తన సాహిత్యజీవితమును గూర్చి చిన్న పుస్తక మొకటి వ్రాసికొనెను. 1884 డిసెంబరు 12వ తేదీన లండనుననే కాలధర్మము నొందెను. ఆ నగరమందలి కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. కడపలో ఆయన నివసించిన బంగళా శిథిలమైపోగా, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలచే ఆ స్థలముననే గ్రంథాలయము లేచి, నేడు బ్రౌను భాషాపరిశోధన కేంద్రముగ వర్ధిల్లుచున్నది.

నిఘంటువు 1903లో సవరింపబడి మరల నచ్చయ్యెను. సవరించిన వారిలో మన కందుకూరి వీరేశలింగము పంతులుగారొకరు. తరువాతి ముద్రణములును వచ్చినవి. నేడు చికాగో విశ్వవిద్యాలయమువారు దానిని కంప్యూటరు తెరపై గూడ నెక్కించియున్నారు. జిగట యని మూడక్షరములు వ్రాసిన చాలును, కడపలోను చెన్నపట్టణములోను పండితులతో కూర్చుండి బ్రౌను ఏర్చిపెట్టిన ఆంగ్లపదములు వరుసగ వచ్చి నిలుచును. వానిలో నేది గానుగకు, ఏది ఆసుపత్రికి తగునో ఎంచుకొను పని చదువరిది.